తటాకధర్మం: పోరుమామిళ్ళ శాసనం చెప్పిన మాట

(జ్యేష్ఠమాస ధర్మోపన్యాస సభలో చేసిన ప్రసంగపాఠం)

 

దానధర్మములను గురించి నాలుగు మాటలు చెప్పుమని ధర్మకర్తలు నన్ను ఆదేశించినారు. అన్నదాన మహిమను గురించి ఈ వేదిక మీద పెద్దలు అనేక పర్యాయములు చెప్పియున్నారు. ఆ అన్నదానానికి వెనుక నిలిచియున్న దానమొకటి ఉన్నది. అది జలదానం. జలదానమనగానే మనకు వేసవిలో పందిరి వేసి కుండలు పెట్టే చలివేంద్రం స్ఫురిస్తుంది. అది పుణ్యకార్యమే. కాని మన పూర్వులు జలదానమన్నప్పుడు కుండ దగ్గర ఆగిపోలేదు. ఆ కుండలోని నీరు ఏ బావి నుండి వచ్చినది, ఆ బావికి ఊట ఏ చెరువు ఇచ్చినది, ఆ చెరువుకు నీరు ఏ కొండ మీద నుండి దిగినది అని వెనుకకు నడిచి, ఆ మొత్తాన్ని ఒక ధర్మంగా భావించినారు.

ధర్మశాస్త్రాలు పుణ్యకర్మలను ఇష్టమని, పూర్తమని రెండుగా విభజించినవి. యజ్ఞయాగాదులు ఇష్టం. బావులు, చెరువులు త్రవ్వించుట, దేవాలయాలు కట్టించుట, తోటలు వేయించుట, అన్నం పెట్టుట పూర్తం. ఇష్టం చేసే అధికారం కొందరికే ఉన్నది; పూర్తం అందరికీ ఉన్నది. మన తెలుగుదేశంలో సప్తసంతానాలనే మాట ప్రసిద్ధం. పుత్రుడు, చెరువు, దేవాలయం, తోట, నిధి, అగ్రహారం, కావ్యం, ఈ ఏడూ మనిషి పేరు నిలిపే సంతానాలు. ఇక్కడ సంతానమన్న మాటను కొంచెం గమనించండి. బిడ్డను కన్నంత మాత్రాన తండ్రి బాధ్యత తీరదు, పెంచవలెను. చెరువును సంతానమన్నవారి ఉద్దేశంలో త్రవ్వించుట ఎంతో, ఏటేటా చూచుకొనుట అంత. ఈ రెండవ భాగాన్నే మనం మరచినాము.

సంస్కృతంలో భూములకు రెండు పేర్లున్నవి. వాన మీదనే బ్రతికే నేల దేవమాతృకం. నది నీటితో పండే నేల నదీమాతృకం. మహాభారతం సభాపర్వంలో నారదుడు ధర్మరాజును కుశలప్రశ్నలు అడుగుతాడు. ఆ ప్రశ్నలలో ఒకటి, నీ రాజ్యంలో పెద్ద చెరువులు నిండుగా, అక్కడక్కడ తగినట్లుగా ఉన్నవా, సేద్యం వాన ఒక్కదాని మీదనే ఆధారపడి లేదు కదా అని. దేవర్షి, దేవలోకం నుండి దిగివచ్చినవాడు, వానను దేవతలు చూచుకొంటారులే అనలేదు. చెరువులు ఎక్కడెక్కడ ఉన్నవని అడిగినాడు. నది లేని సీమను కరువు నుండి కాపాడేది మనిషి కట్టిన చెరువేనని ఆయనకు తెలుసు.

మన రాయలసీమ అట్టి సీమ. అక్కడ కడప జిల్లా పోరుమామిళ్ళలో ఒక పెద్ద చెరువు ఉన్నది. శాలివాహన శకం 1291, అనగా క్రీస్తుశకం 1369వ సంవత్సరంలో విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు, భవదూరుడని మరొక పేరు గలవాడు, ఉదయగిరి సీమను పాలిస్తూ దానిని కట్టించినాడు. అనంతరాజసాగరమని దానికి పేరు పెట్టినాడు. ఆ చెరువును గురించిన సంస్కృత శిలాశాసనం నాకు తెలిసినంతలో మన దేశంలోని జలశాసనాలలో శిరోమణి. శాసనాలు సాధారణంగా రాజు వంశాన్ని, బిరుదులను వర్ణించి దానవివరం చెప్పి ముగిస్తవి. ఈ శాసనం చెరువు ఎట్లా కట్టవలెనో, ఎట్లా కట్టరాదో కూడ చెప్పినది. దినమునకు వేయిమంది కూలీలు, రాయి మోయుటకు నూరు బండ్లు పనిచేయగా రెండేండ్లకు ఈ పని పూర్తియైనదని లెక్క సైతం చెప్పినది.

మంచి చెరువుకు పన్నెండు సాధనాలు కావలెనని ఆ శాసనం. నేను వాటిని మీకు సులభంగా పట్టుబడునట్లు అయిదు గుంపులుగా చెప్పుతాను.

మొదటి గుంపు మనుషులు. ధర్మబుద్ధి, ధనము, శాశ్వతకీర్తి మీద కోరిక గల ప్రభువు. పాథశ్శాస్త్రం, అనగా నీటి శాస్త్రం ఎరిగిన విద్వాంసుడు. కట్టడంలో నేర్పు గల పనివారు. ధనం, శాస్త్రం, శ్రమ, ఈ మూడూ ఒకచోట కూడవలెను. రెండవ గుంపు నేల. గట్టి బంకమన్ను గల భూమి, కట్టను ఇరువైపులా పట్టుకొనే కొండ, దగ్గరలోనే నిడుపైన రాళ్ళు దొరికే గని. మూడవది నీరు. మూడు యోజనాల దూరం నుండి తియ్యని నీటిని తెచ్చే నది, ఆ నీరు పారే మార్గం. నాల్గవది కట్టడం. మరీ నిడివి కాక దృఢమైన రాతికట్ట, పొలాలకు చేటు కలుగని తీరున అమర్చిన దాని కొనలు, విశాలమైన లోతైన గర్భం. అయిదవది ఫలం. చెరువు క్రింద సమతలంగా ఉన్న సారవంతమైన పొలాలు.

చూచినారా! పన్నెండింటిలో కట్ట ఒకటి మాత్రమే. కొండ, వాగు, మన్ను, రాయి, పొలం, పనివాడు, పండితుడు, పాలకుడు అందరూ కలిస్తే చెరువు. ఈనాడు శాస్త్రజ్ఞులు సమగ్ర జలనిర్వహణమని ఒక మాట చెప్పుచున్నారు. కొండ మీది అడవిని ఒక శాఖ, వాగును మరొక శాఖ, చెరువును ఇంకొక శాఖ, బోరును ఎవరికి వారు విడివిడిగా చూడరాదు, అంతా ఒకే నీరని దాని తాత్పర్యం. ఉమ్మడి రాష్ట్రంలో 2002లో వచ్చిన చట్టానికి నీరు, భూమి, చెట్టు అనే మూడింటినీ కలిపి పేరు పెట్టినారు. ఆరున్నర శతాబ్దాల క్రితపు శాసనం ఈ దృష్టినే పన్నెండు అంగాలుగా విడమరచి శిల మీద చెక్కినది.

ఇక దోషాలు ఆరు. కట్ట నుండి నీరు కారుట, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండుట, చెరువు మధ్య తాబేటి వీపు వంటి మిట్ట, నీరు కొంచెమై ఆయకట్టు ఎక్కువగుట, చోటు కొంచెమై నీరు ఎక్కువగుట. మూడవ దోషానికి వ్యాఖ్యానం అక్కరలేదు. కృష్ణానది నీటి పంపకానికి 1969లో ఒక ట్రిబ్యునలు, 2004లో మరొక ట్రిబ్యునలు ఏర్పడినవి. రాష్ట్రాల నడుమ వాదం నేటికీ తీరలేదు. సరిహద్దున చెరువు కట్టవద్దని చెప్పినవానికి మానవస్వభావం తెలుసు.

నేను ఈ దినం మీ మనస్సులో నాటదలచినది అయిదు, ఆరు దోషాలను. ఈ రెండూ పరస్పర విరుద్ధాలు. ఒక చెరువుకు నీరు చాలదు, మరొక చెరువుకు నీరు పట్టదు. కట్టినవాడు వాగు శక్తిని, ఆయకట్టు కొలతను సరిగా అంచనా వేస్తే ఏ దోషమూ రాదు. శాసనకాలంలో ఇవి కట్టేవాని లెక్కకు సంబంధించిన దోషాలు. మన కాలంలో ఈ రెండు దోషాలూ ఒకే చెరువుకు, ఒక ఏడు ఒకటి, మరుసటి ఏడు రెండవది పట్టుచున్నవి.

కారణం వాతావరణంలో వచ్చిన మార్పు. బొగ్గు, పెట్రోలు విరివిగా కాల్చుట వలన భూమి సగటు వేడి, యంత్రయుగానికి ముందున్న దానితో పోలిస్తే, ఒక డిగ్రీకి మించి పెరిగినది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే అది మోయగల నీటి ఆవిరి సుమారు 7 శాతం పెరుగుతుంది. వేడిగాలి నేలను, చెరువును, చెట్టును ఎక్కువగా పీల్చుతుంది. దించేటప్పుడు ఒక్కసారిగా దించుతుంది. అందుచేత వాన లేని దినాలు పెరిగి, కురిసిన దినాన కుండపోత అగుచున్నది. సంవత్సరపు మొత్తం లెక్క చూస్తే పెద్ద తేడా కనపడకపోవచ్చును. రైతుకు మాత్రం పైరు ఎండినది ఒకసారి, కొట్టుకుపోయినది మరొకసారి.

దూరపు ఉదాహరణ వద్దు. 2023 ఆగస్టులో, 1901 నుండి లెక్కలున్న ఆగస్టు మాసాలన్నిటిలోకి దేశంలో తక్కువ వాన కురిసినది. ఆ యేడు కృష్ణమ్మ మీది జలాశయాలు నిండలేదు. పదమూడు మాసాలు గడిచినవో లేదో, 2024 సెప్టెంబరు మొదటి దినాలలో విజయవాడ ప్రకాశం బ్యారేజీ మీదుగా 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద పోయినది. బుడమేరు పొంగి నగరంలోని అనేక కాలనీలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నవి. ఒకే నదికి అయిదవ దోషం, ఆరవ దోషం వెంట వెంటనే పట్టినవి.

2021 నవంబరు 19 కార్తిక పౌర్ణమి. కడప జిల్లాలో ఎగువన పింఛా జలాశయం కట్ట తెగి, ఆ వరద కూడ తోడై చెయ్యేటి మీది అన్నమయ్య జలాశయం మట్టికట్ట కొట్టుకుపోయినది. తీరగ్రామాలలో పలువురు ప్రాణాలు కోల్పోయినారు. ఆ వారంలోనే తిరుపతి సమీపాన రాయలచెరువు కట్ట నీరు కారుచున్నదని తెలిసి, క్రింది ఊళ్ళను ఖాళీ చేయించవలసి వచ్చినది. కరువుసీమ అని పేరుపడిన రాయలసీమ నీటి వలన భయపడిన దినాలవి.

గొలుసుకట్టు చెరువుల ధర్మం ఇక్కడ తెలియవలెను. పై చెరువు నిండితే అలుగు దూకి, కొన్ని సీమలలో దానిని మత్తడి అంటారు, కొన్ని చోట్ల కలుజు, మరువ అంటారు, ఆ నీరు క్రింది చెరువుకు చేరుతుంది. కాకతీయుల కాలంలో రేచర్ల రుద్రుని రామప్ప చెరువు, పాకాల వంటి పెద్ద చెరువులతో పాటు ఇట్టి చిన్న చెరువులు అసంఖ్యాకంగా వెలసినవి. గొలుసు గట్టిగా ఉన్నంతవరకు కుండపోత వానను చెరువులు పంచుకొని మోస్తవి, ఆ నీటినే వాన లేని దినాలకు దాచిపెడతవి. అనగా రెండు దోషాలకూ మందు ఒకటే. గొలుసులో ఒక కట్ట తెగితే దాని భారం క్రింది కట్ట మీద పడుతుంది. ఒక చెరువును పూడ్చి ఇండ్లస్థలాలు చేస్తే ఆ నీరు ఎక్కడికో పోదు. తన పాతచోటు వెదుకుకొంటూ ఆ ఇండ్లలోనికే వస్తుంది.

తెలంగాణ ప్రభుత్వం 46 వేలకు పైగా చెరువులను గుర్తించి, మిషన్ కాకతీయ పేర పూడిక తీయించుటకు పూనుకొన్నది. ఆంధ్రప్రదేశ్‌లో నీరు-చెట్టు పేర పనులు జరిగినవి. మంచిదే. పూడికమన్ను పొలానికి ఎరువు, చెరువుకు లోతు. కాని శాసనదృష్టితో చూస్తే పూడిక తీయుట ఒక్క అంగానికి చేసిన సేవ. వాగు నుండి చెరువుకు నీరు తెచ్చే కాలువ మూసుకుపోతే లోతైన చెరువు కూడ ఎండియే ఉంటుంది. అలుగు ముందర అడ్డం కడితే నిండిన చెరువు కట్టనే తెంచుకొంటుంది. కొండ మీద చెట్టు లేకపోతే తీసిన పూడిక నాలుగు వానలకు మళ్ళీ వచ్చి చేరుతుంది.

మరొక సంగతి కొలత. వరాహమిహిరాచార్యుడు బృహత్సంహితలో భూగర్భజలాన్ని గుర్తించుటకు ఒక అధ్యాయమే వ్రాసినాడు. వానను పాత్రతో కొలిచే విధానం కూడ చెప్పినాడు. కౌటిల్యుడు ఏ దేశంలో ఎన్ని ద్రోణాల వాన పడుతుందో చెప్పి, దానిని బట్టి పైరు వేయవలెనన్నాడు. ఈ మాటను మన రైతులు ఆచరించి చూపినారు. 2000 దశకంలో ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరువు జిల్లాలలో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, రైతులు తామే ఊరిలో వానను, బోరులలో నీటిమట్టాన్ని కొలిచి వ్రాసిపెట్టుకొన్నారు. రబీకి ముందు ఊరంతా కూర్చుండి, భూమిలో ఎంత నీరున్నది, ఏ పైరు ఎంత త్రాగుతుంది అని జమాఖర్చు వేసినారు. వరి ఎకరానికి త్రాగే నీటితో రెండెకరాల వేరుశనగ పండుతుందని లెక్క కంటికి కనపడితే, ఎవరూ బలవంతం చేయకుండానే పైరు మారుతుంది.

కొందరు నన్ను అడుగుతారు. వాన ఈశ్వరాధీనం కదా, మన చేతిలో ఏమున్నదని. వరుణజపాలలో కూర్చున్నవాణ్ణి నేను. ఆ మంత్రాల మీద నాకు పరిపూర్ణ విశ్వాసం ఉన్నది. గీత మూడవ అధ్యాయంలో భగవానుడు ఒక చక్రం చెప్పినాడు. ప్రాణులు అన్నం వలన, అన్నం వాన వలన, వాన యజ్ఞం వలన, యజ్ఞం కర్మ వలన అని. ఆ వరుసలో యజ్ఞం దగ్గర ఆగక, కర్మ వరకు వెళ్ళినాడు. కంఠమెత్తు నీళ్ళలో నిలిచి వాన కోరినవారము, ఆ వాన కురిస్తే పట్టుకొనే పాత్రను శుభ్రం చేసి ఉంచవద్దా? వరం అడిగి దోసిలి మూసుకొన్నవాని భక్తిని ఏమందుము?

ఇది ప్రభుత్వం పని కదా అని మరికొందరంటారు. ప్రభుత్వం పని కానే కాదని నేననను. కౌటిల్యుడు క్రొత్త చెరువు కట్టినవానికి అయిదేండ్లు, శిథిలమై విడువబడినదానిని బాగుచేసినవానికి నాలుగేండ్లు పన్ను మినహాయింపు ఇమ్మన్నాడు. రాజు ప్రోత్సహించవలెను, చేతులు ప్రజలవి కావలెను. మన తెలుగుసీమలో దశబంధమనే మాన్యం ఉండేది. చెరువు కట్టినవానికో, మరమ్మతు చేసినవానికో ఆయకట్టులో కొంత భూమి పన్ను లేకుండనో, తగ్గించియో ఇచ్చేవారు. తరతరాలుగా ఆ కుటుంబం చెరువును చూచుకొనవలెనని నియమం. ఆ కట్టుబాట్లు పోయినవి. 1997 చట్టం నీటిసంఘాలను ఏర్పరచినది గాని, సంఘం పేరు చెరువు కట్ట మీద ముళ్ళకంపను తొలగించదు. మనుషులు పోవలెను.

దాతలకు ప్రత్యేకంగా ఒక మాట. విజయనగర కాలంలో, 15, 16 శతాబ్దాలలో, తిరుమల స్వామికి నైవేద్యం జరుగవలెనని భక్తులు ధనం సమర్పించేవారు. ఆ ధనాన్ని దేవస్థానంవారు పెట్టెలో పెట్టలేదు. స్వామి గ్రామాలలో చెరువులు, కాలువలు త్రవ్వించినారు. ఆ నీటితో అధికంగా పండిన పంట నుండి దాత కోరిన నైవేద్యం నిత్యం జరిగేది. తిరుపతి శాసనాలు ఈ ఏర్పాటుకు సాక్ష్యం. దాత కోరిక తీరినది, రైతు పొలం పండినది, స్వామికి ఆరగింపు అందినది. ఒకే ద్రవ్యం మూడు పుణ్యాలు చేసినది.

నేడు మన దానాలు ఎట్లున్నవి? గదికి, పాలరాతికి, వెండి తొడుగుకు దాతలు వరుసగా వస్తారు. తమ పేరు గోడ మీద ఉండవలెనని కోరుట తప్పని నేననను. శాశ్వతకీర్తి మీద కోరికను పోరుమామిళ్ళ శాసనమే మొదటి సాధనంలో చేర్చినది. కాని పూడిక తీయించుటకు, కాలువ బాగుచేయించుటకు ఇచ్చినవాని పేరు ఏ గోడ మీద నేను చూడలేదు. ఆ పనికి గోడ లేదని కాబోలు. భవదూరుని రాజ్యం లేదు, కోటలు కూలినవి, చెరువు మాత్రం ఉన్నది. దాని వలననే ఈ దినం ఈ సభలో అతని పేరు ఎత్తుచున్నాము.

ధర్మకర్తలకు నా విన్నపాలు మూడు. మొదటిది, మన ఆలయ ప్రాంగణంలో పడిన వాన కోనేరు చేరవలెను. ఎకరం నేల మీద సంవత్సరానికి 600 మిల్లీమీటర్ల వాన పడితే అది సుమారు 24 లక్షల లీటర్లు; అయిదువేల లీటర్ల ట్యాంకర్లు 480కి పైమాట. అందులో సగం పట్టుకొన్నను వేసవిలో కొనే నీరు ఎంత తగ్గునో లెక్క చూడండి. ప్రాకారంలోని నీటిదారులకు అడ్డంగా గచ్చు ఉన్నచోట దానిని తొలగించి, దారి కోనేటి వైపు త్రిప్పవలెను. రెండవది, అన్నదాన నిధి వలెనే తటాకనిధి అని ఒకటి ప్రత్యేకంగా పెట్టి, స్వామి మాన్యాలకు నీరిచ్చే చెరువుల కాలువలకు, అలుగులకు, కట్టలకు మాత్రమే వినియోగించవలెను. ఆ ఖర్చు ఈ పత్రికలోనే ఏటేటా ప్రకటించవలెను. మూడవది, ఆలయంలో ఒక వర్షమాపకం పెట్టి, ప్రతి ఉదయం సుప్రభాతానంతరం నిన్నటి వాన ఎంతో పలకమీద వ్రాయవలెను. పంచాంగశ్రవణం నాడు గత సంవత్సరపు వాన లెక్కను కూడ చదివితే రైతుకు మేలు.

యాత్రికులకు విన్నపం చిన్నది. కోనేటిలో సబ్బు, ప్లాస్టిక్, పాతబట్టలు విడువకండి. మీ ఊరికి తిరిగి వెళ్ళిన తరువాత ఒక ఆదివారం మీ చెరువు కట్ట మీద నడచి రండి. తూము పనిచేయుచున్నదా, అలుగు ముందర దారి ఖాళీగా ఉన్నదా, నీరు తెచ్చే కాలువ ఎక్కడ తెగినదో, ఎవరు కలుపుకొన్నారో చూచి, ఊరి పెద్దలతో మాట్లాడండి. మొక్కుబడి వలె దీనిని కూడ ఒక నియమంగా పెట్టుకొనండి.

ఆషాఢం వచ్చుచున్నది. వానలు ముదరక మునుపు కోనేటికి నీరు వచ్చే దారిని బాగుచేయుటకు రాబోయే ఏకాదశి ఉదయం కొందరు యువకులు పూనుకొన్నారు. పారలు, తట్టలు దేవస్థానంవారు ఇస్తామన్నారు. వంగి త్రవ్వుటకు నా వయస్సు సహకరించదు. తట్ట అందించుటకు నేను వస్తాను. మీరందరూ రావలెనని నా ప్రార్థన.

స్వస్తి.